క్రోషే ఫొటో ప్రాప్స్ ఆన్‌లైన్‌లో: ఏవి కొనొచ్చు, ఏవి వదిలేయాలి

పురిటిబిడ్డల ఫొటోల కోసం అమ్మే క్రోషే టోపీలు, కకూన్లు (బిడ్డను లోపల ఉంచే సంచులు), దుప్పట్ల లిస్టింగులన్నీ ఒకే మూసలో ఉంటాయి. మెత్తటి వెలుగు, చెక్క బుట్ట, అందులో హాయిగా నిద్రపోతున్న పాపాయి. చూడగానే కొనబుద్ధవుతుంది. కానీ ఆ ఫొటో తీసింది చెయ్యి తిరిగిన ఫొటోగ్రాఫర్. టోపీ వదులైతే వెనకనుంచి మడిచి క్లిప్పు పెట్టి ఉండొచ్చు, పైకి తేలిన ముడిని ఎడిటింగులో చెరిపేసి ఉండొచ్చు. ఆ చిత్రం ఫొటోగ్రాఫర్ పనితనం చెబుతుందే తప్ప అల్లిన మనిషి పనితనం చెప్పదు. ఈ సరుకును తూచాల్సింది కొలతలతోనూ, దారంతోనూ, తిరగేస్తే లోపల కనిపించే తీరుతోనూ. చాలామంది అమ్మకందార్లు చూపించనివీ సరిగ్గా ఇవే.

‘చేత్తో అల్లినది’ అనే ముద్రకు ఈ వస్తువుల్లో పెద్ద విలువ లేదు. అసలు క్రోషే అల్లికను కొక్కెపు సూదితో చేత్తోనే చేస్తారు. మిషన్ మీద వచ్చేవి చూడ్డానికి అలా ఉండే వేరే రకం అల్లికలు. అంటే టోకు లెక్కన వందలకొద్దీ తయారై, నాలుగు చేతులు మారి వచ్చిన చవక సెట్టును కూడా ఎవరో ఒకరు చేత్తోనే అల్లారు, బహుశా చాలా తక్కువ కూలికి. కాబట్టి చేత్తో అల్లారా అని అడిగి లాభం లేదు. అల్లిన మనిషితోనే మాట్లాడుతున్నామా, మధ్యవాడితోనా అన్నది తేల్చుకోవాలి. దానికి ఒక మెసేజ్ చాలు: ‘టోపీని బల్ల మీద పరిచి, పక్కన స్కేలు పెట్టి ఒకటి, తిరగేసి ఒకటి ఫొటో తీసి పంపగలరా?’ అల్లేవాళ్లకు ఇది చిటికెలో పని. వేరేవాళ్ల సరుకు తిప్పి అమ్మేవాళ్లు మాట దాటేస్తారు, లేదంటే లిస్టింగులో ఉన్న ఫొటోనే మళ్లీ పంపుతారు. ఈలోపు ఆ ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి. ఒకే పాపాయి, అదే దుప్పటి, అదే వెలుగు వేర్వేరు పేర్ల షాపుల్లో కనిపిస్తే అక్కడితో ఆగిపోండి.

ఈమధ్య ఇంకో బెడద మొదలైంది: ఏఐతో తయారుచేసిన బొమ్మలు. వీటిని పట్టుకోవడానికి కళ్లు కాస్త దగ్గరగా పెట్టాలి. అసలు క్రోషేలో వరసలు లెక్కపెట్టగలం. టోపీ నడినెత్తి నుంచి గుండ్రంగా విస్తరిస్తూ ప్రతి వరసా అంతకుముందు వరస కుట్లలోంచే పుట్టుకొస్తుంది. ఏఐ బొమ్మలో వరసలు మధ్యలో మాయమవుతాయి, ఒకచోట క్రోషేలా ఉన్నది పక్కకు రాగానే రెండు సూదుల అల్లికలా మారిపోతుంది, చెవి టోపీకి ఎక్కడ అతుక్కుందో తెలియదు. మొత్తం లిస్టింగుకు ఒకే కోణంలో ఒకే ఫొటో ఉందంటే అనుమానించడమే మంచిది.

ఎట్సీ లాంటి చేతిపనుల సంతల్లో కొనడంలో ఉన్న సుఖం ఏమిటంటే, రివ్యూలూ కొన్నవాళ్ల ఫొటోలూ ఒకే చోట దొరుకుతాయి, పేచీ వస్తే నడుమ ఒక సంస్థ ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో నేరుగా అల్లేవాళ్ల దగ్గర కొంటే రంగు, కొలత మనకు నచ్చినట్టు మార్చి ఇస్తారు, కానీ డబ్బు ముందే పంపించి నమ్మకం మీద కూర్చోవాలి. రివ్యూలు చదివేటప్పుడు ‘చాలా ముద్దుగా ఉంది’ అన్నవాటిని దాటేయండి. ‘తొమ్మిది రోజుల పాపకు పెట్టాం, నుదుటి మీద సరిగ్గా ఆగింది’ అని రాసిన ఒక్క రివ్యూ అలాంటి ఇరవై పొగడ్తల పెట్టు. అయిదు, ఒకటి కాకుండా మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్ల మాటలు చదవండి. నిజమైన లోపాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

కొలతలు

ఎక్కువ టోపీలు వృథా అయ్యేది ఇక్కడే. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 33 నుంచి 37 సెం.మీ. ఉంటుంది, సగటున 35. మూడు నెలలు వచ్చేసరికి అది 40 సెం.మీ. దాకా పెరుగుతుంది. అందుకే ‘0–3 నెలలు’ అని రాసి ఉన్న టోపీ పుట్టిన వారానికి పెడితే కళ్ల మీదికి జారుతుంది, మూడో నెలలో పెడితే నెత్తి మీద నిలబడుతుంది. నెలల లెక్క చెప్పే షాపును సెంటీమీటర్లు అడగండి. చెప్పలేకపోతే వాళ్లు దాన్ని ఎప్పుడూ కొలవలేదని అర్థం.

టోపీని సాగదీయకుండా పరిచినప్పుడు దాని చుట్టుకొలత తల కంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. అంటే 35 సెం.మీ. తలకు 32 లేదా 33. సాగి పట్టుకుంటేనే టోపీ కదలకుండా ఉంటుంది. ఉన్ని అయితే మూడు తగ్గినా ఫర్వాలేదు, అది సాగి మళ్లీ ముడుచుకుంటుంది. కాటన్‌కు ఆ గుణం తక్కువ కాబట్టి ఒకటి, ఒకటిన్నర తగ్గితే చాలు. నడినెత్తి నుంచి అంచు దాకా లోతు 12–14 సెం.మీ. ఉండాలి. ఇంకో కొలత కూడా అడగొచ్చు: కుట్లు పెంచడం ఆపేసి నేరుగా కిందికి అల్లడం మొదలుపెట్టేముందు పైభాగం ఒక బిళ్లలా ఉంటుంది కదా, దాని అడ్డకొలత. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వచ్చేదే అది. 33 సెం.మీ. టోపీకి పదిన్నర. బిళ్ల ఇంతకంటే బాగా పెద్దదైతే టోపీ సంచిలా వేలాడుతుంది, చిన్నదైతే తల మీద మొనదేలి నిలుస్తుంది. అల్లేవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబిస్తే మీరు సరైన చోటికి వచ్చినట్టే.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే రెడీమేడ్‌గా ఉన్నది కొనకండి. తల కొలిచి ఆ కొలతకు అల్లించుకోండి.

కకూన్‌కు చుట్టుకొలత 45–50, పొడవు 40–50 సెం.మీ. ఉంటే సరిపోతుంది. బిడ్డ పొడవు 50 ఉన్నా లోపల కాళ్లు ముడుచుకునే ఉంటుంది కాబట్టి అంతకు మించి పొడవు అక్కర్లేదు. ఎక్కువైతే కింద ఖాళీ తోకలా వేలాడి ఫొటో పాడుచేస్తుంది. నిక్కరు నడుము 35–38 సెం.మీ., అదీ పక్కన కట్టుకునే తాళ్లు ఉంటేనే. బుట్టలో పరిచే చిన్న దుప్పటి 45 నుంచి 60 సెం.మీ. చదరం. ఇంతకంటే చిన్నదైతే అంచులు ఫ్రేములోకి వచ్చేస్తాయి.

దారం, సూది, కుట్టు

దారం పేరు చెప్పకుండా ‘మెత్తటి ఊలు’ అని రాసేవాళ్లు చాలామంది. అది సాధారణంగా యాక్రిలిక్ అనే కృత్రిమ దారం. యాక్రిలిక్ చెడ్డదని కాదు. ఉతికితే కుంచించుకుపోదు, పురుగు పట్టదు, ఖరీదు తక్కువ. కానీ నాసిరకం దారం వెలుగు పడ్డప్పుడు ప్లాస్టిక్‌లా మెరుస్తుంది, ఆ మెరుపు ఎడిటింగులోనూ సరిగ్గా పోదు. వేడి తగిలితే రూపు కోల్పోతుంది, ఇస్త్రీ ఆవిరికి ఒక్కసారికే చచ్చుపడిపోయి సాగుడు పోతుంది. స్టూడియో హీటర్‌కు దగ్గరగా అసలు పెట్టకూడదు.

మెరినో ఉన్నిది మొదటి స్థానం. పోగు సన్నగా ఉంటుంది కాబట్టి గుచ్చుకోదు. ఉన్ని గుచ్చుకునేది ప్రధానంగా 30 మైక్రాన్లు దాటిన మోటు పోగుల వల్ల. మంచి మెరినో 20 మైక్రాన్ల లోపే ఉంటుంది. సూపర్‌వాష్ (ఉతికినా కుంచించుకుపోకుండా శుద్ధిచేసిన ఉన్ని) అని రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే వేడినీళ్లలో రుద్దిన మరుక్షణం పోగులు పెనవేసుకుని గట్టిపడి, టోపీ బొమ్మకు పెట్టేంత చిన్నదైపోతుంది. మొహేర్ (అంగోరా మేక బొచ్చుతో చేసే దారం) ఫొటోలో అందంగా కనిపిస్తుంది, అంచుల్లో నూగు వెలుగును పట్టుకుంటుంది. అదే నూగు రాలి పాపాయి ముక్కు దగ్గరా, తడి పెదవుల మీదా అతుక్కుంటుంది. మొహేర్‌ను కింద పరిచే గుడ్డగా కొనండి, ముఖానికి ఆనుకునే బోనెట్‌గా (గడ్డం కింద తాళ్లతో కట్టే టోపీగా) వద్దు. కాటన్ చర్మానికి మంచిది, ఉతకడం తేలిక. సాగి సాగినట్టే ఉండిపోవడం, పోగు చివర్లు బయటికి జారడం దాని జబ్బులు.

సూది మందం, దారం మందం కూడా అడిగి తెలుసుకోవాల్సినవే. పసిబిడ్డ ముఖం చాలా చిన్నది. లావు దారంతో 8 మి.మీ. సూదితో అల్లిన టోపీ పెడితే ఫొటోలో టోపీయే కనిపిస్తుంది, బిడ్డ కనిపించదు. తలకు పెట్టేవాటికి సన్నదారం, 2.5 నుంచి 4 మి.మీ. సూది బాగుంటాయి. లావు దారం పని బుట్టలో, దుప్పట్లలో. కుట్టు సంగతికొస్తే, సింగిల్ క్రోషే దట్టంగా, కొంచెం బిగువుగా ఉంటుంది. హాఫ్ డబుల్ టోపీలకు సరైన మధ్యరకం. డబుల్ క్రోషే వదులుగా, కన్నాలతో వస్తుంది. ఆ కన్నాల్లో కాలి వేళ్లు దూరి దారం చుట్టుకునే ప్రమాదం ఉంది. వెంట్రుకో పోగో వేలికి బిగిస్తే రక్తప్రసరణ ఆగిపోతుంది, నిద్రలో ఉన్న బిడ్డ వెంటనే ఏడవకపోవచ్చు. కకూన్లూ నిక్కర్లూ దట్టమైన కుట్టుతో ఉన్నవే తీసుకోండి. జాలీ అల్లిక ఎంత ముచ్చటగా ఉన్నా బిడ్డ కింద పరచడానికే.

బరువు కూడా సాక్ష్యం చెబుతుంది. ఇలాంటి సన్నదారపు టోపీ సాధారణంగా 30–50 గ్రాముల్లో ముగుస్తుంది. కకూన్ 150 నుంచి 200 గ్రాములు తింటుంది. 80 గ్రాముల కకూన్ అంటున్నారంటే అది వలలా ఉందన్నమాట.

రంగుల విషయంలో తెలిసినవాళ్లూ తడబడతారు. పుట్టిన కొత్తల్లో చర్మం ఎర్రగానో, కామెర్ల ఛాయ ఉంటే పచ్చగానో కనిపిస్తుంది. ముదురు ఎరుపు టోపీ ఆ ఎర్రదనాన్ని బుగ్గలమీదికి ఇంకా విసురుతుంది, ఆవపిండి పసుపు రంగు పచ్చదనాన్ని ఎత్తి చూపిస్తుంది. మల్లెపూవులాంటి తెలుపు కంటే మీగడ రంగు మేలు. మెరిసే తెలుపు దారాల్లో కలిపే పదార్థాలు ఫ్లాష్ వెలుగులో నీలంగా తేలతాయి. టోపీ ఒక ఆర్డర్లో, నిక్కరు ఇంకో ఆర్డర్లో కొంటే ఒకే రంగు పేరు ఉన్నా ఛాయలు కలవకపోవచ్చు, దారం ఉండల అద్దకం విడతకోరకంగా ఉంటుంది. సెట్టుగా కావాలంటే ఒకేసారి, ఒకే విడత దారంతో అల్లమని రాయండి. స్క్రీన్ మీద చూసిన రంగును నమ్మకుండా, కిటికీ పక్కన పగటి వెలుగులో తీసిన ఫొటో అడగండి.

వస్తువుల వారీగా

బోనెట్‌కు మొదటి మార్కు. గడ్డం కింద కట్టుకునే తాళ్లున్నాయి కాబట్టి కొలత ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది, బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టినా ముఖం మీదికి జారదు. గుండ్రటి టోపీ ఈ రెండు చోట్లా దెబ్బతింటుంది. తాళ్లు ఒక్కోటి 20–25 సెం.మీ. ఉంటే చాలు. పొడవాటివి మెడ చుట్టూ పడతాయి. ముఖానికి ఆనే అంచు నుంచి వెనకదాకా లోతు 11–13 సెం.మీ. ఉందో లేదో చూసుకోండి.

లావు దారపు దుప్పట్లు, బుట్టలో పరిచేవి డబ్బుకు న్యాయం చేస్తాయి. కొలత సమస్య లేదు, ఏ బిడ్డకైనా పనికొస్తాయి. వడకని రోవింగ్ ఉన్నితో చేసినవి మాత్రం రెండు మూడు వాడకాలకే ఉండలు కడతాయి. వడికిన దారంతో చేసినదే అడగండి.

చుట్టడానికి వాడే ర్యాప్‌ను క్రోషేలో కొనడం దండగ. ర్యాప్ పని సాగి పట్టుకోవడం. క్రోషే కుట్టు నిర్మాణంలోనే రెండు సూదుల అల్లిక కంటే తక్కువ సాగుతుంది. చుట్టిన కాసేపటికే వదులై చేతులు బయటికి వస్తాయి. ఇక్కడ మిషన్ మీద అల్లిన మెత్తటి గుడ్డే నయం. తలకు కట్టే బ్యాండ్లు సన్నగా ఉండి ఎలాస్టిక్ లేకుండా ఉంటే ఫర్వాలేదు. ఎలాస్టిక్ ఉన్నవి నుదుటి మీద గీత మిగిలిస్తాయి, ఆ గీత చెరపడం ఎడిటర్ ప్రాణం తీస్తుంది.

ఎలుగుబంటి, కుందేలు సెట్లు బాగా అమ్ముడుపోతాయి. అవే బాగా నిరాశపరుస్తాయి కూడా. చెవుల బరువుకు టోపీ ఒక పక్కకు ఒరుగుతుంది. నిక్కరు వెనక తోక కుట్టి ఉంటే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు నడుము కింద గుచ్చుకుంటుంది. తోడుగా వచ్చే బొమ్మలో అల్లిక వదులుగా ఉంటే లోపలి పాలియెస్టర్ దూది కుట్ల సందుల్లోంచి కనిపిస్తుంది. బొమ్మలకు దారం మీద రాసిన సైజు కంటే చిన్న సూది వాడాలి, తొందరలో అల్లినవాళ్లు వాడరు. కళ్లకు పెట్టే ప్లాస్టిక్ గుండీలను ‘సేఫ్టీ ఐస్’ అని అమ్ముతారు గానీ, వదులు అల్లికలోంచి అవి ఊడివస్తాయి. దారంతో కుట్టిన కళ్లే అడగండి. 31.7 మి.మీ. వెడల్పు గొట్టంలో ఇమిడిపోయే ఏ ముక్కనైనా అమెరికా బొమ్మల భద్రతా నిబంధనలు మూడేళ్లలోపు పిల్లలు మింగగల ముక్కగానే లెక్కిస్తాయి. మామూలు గుండీలు, ముత్యాలు, చెక్కపూసలు అన్నీ అందులోకే వస్తాయి. గ్లూ గన్‌తో అతికించిన పువ్వులు, ముత్యాలు మరీ అన్యాయం. ఎండిన జిగురు అంచు చర్మానికి గీసుకుంటుంది, ముత్యం ఏదో ఒక రోజు ఊడుతుంది.

క్రోషే ఊయలలు మాత్రం ఎవరి దగ్గరా కొనొద్దు. కొమ్మకు వేలాడే ఊయలలో బిడ్డ నిద్రపోతున్న ఫొటోలు జాగ్రత్తపరులైన ఫొటోగ్రాఫర్లు తీసే పద్ధతి వేరు. బిడ్డ దిండు మీదే ఉంటుంది, పక్కన ఒక చెయ్యి వదలకుండా ఉంటుంది, తర్వాత రెండు మూడు ఫొటోలు కలుపుతారు. ఆ ముక్క లిస్టింగులో రాయరు. అల్లిక బరువుకు సాగుతుంది, ముడి జారుతుంది.

కకూన్ చలికి హాయిగా ఉంటుందనుకుంటాం. స్టూడియోలో ఇప్పటికే హీటర్ నడుస్తుంటుంది. దానికి తోడు మందపాటి ఉన్ని కకూన్ అంటే బిడ్డ ఉడికిపోతుంది. మెడ వెనక చెయ్యిపెట్టి చూస్తూ, చెమట తగిలితే తీసెయ్యాలి. అందుకే కకూన్‌ను కాటన్‌లో తీసుకోవడమే తెలివి. ఫొటో అయ్యాక ఈ వస్తువులేవీ బిడ్డకు వేసి ఊరికే నిద్రపుచ్చకూడదు.

ఆర్డర్ ఎప్పుడు, వచ్చాక ఏం చూడాలి

ముడుచుకుని నిద్రపోయే ఫొటోలకు అనువైన రోజులు పుట్టాక సుమారు 5 నుంచి 14. డాక్టర్ చెప్పిన తేదీకే పుట్టే పిల్లలు తక్కువ, 37వ వారం దాటాక ఎప్పుడైనా రావొచ్చు. అంటే సరుకు 36వ వారానికి చేతిలో ఉండాలి. ఆర్డర్ తీసుకుని అల్లేవాళ్లకు రెండు మూడు వారాలు, వేరే దేశం నుంచైతే దారిలో ఇంకో మూడు నాలుగు వారాలు. వెనక్కి లెక్కేస్తే 28–30 వారాల మధ్య ఆర్డర్ పెట్టాలి. విదేశీ పార్శిళ్ల మీద కస్టమ్స్ సుంకం పడొచ్చు. అల్లిన టోపీలు కస్టమ్స్ కోడు 6505 కింద, అల్లిన పసిపిల్లల దుస్తులు 6111 కింద వస్తాయి. ఏ కోడు వేస్తున్నారో, సుంకం ఎవరు కట్టాలో ముందే అడిగి పెట్టుకోండి. పొగతాగే ఇల్లా, పెంపుడు జంతువులు ఉన్నాయా అన్నది అడగడానికి మొహమాటపడొద్దు. ఉన్ని వాసననూ వెంట్రుకలనూ వదలదు.

పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, లేబులు కనిపించేలా. ముందు టేపుతో కొలవండి. తర్వాత టోపీ లోపలివైపు తిప్పి నడినెత్తి మీది మ్యాజిక్ రింగ్‌ను (అల్లిక మొదలయ్యే, పోగు లాగితే బిగిసే ఉచ్చును) రెండు వేళ్లతో విడదీయండి. కన్నం తెరుచుకుంటే చివరి పోగు పొట్టిగా కత్తిరించారన్నమాట, ఒక ఉతుకులో ఊడిపోతుంది. పోగు చివర్లు రెండు మూడు దిక్కుల్లో తిప్పి కుట్లలో దాచి ఉండాలి. ముడేసి కత్తిరించి ఉంటే ఆ ముడి చర్మం మీద ఎర్రటి గుర్తు వేస్తుంది. తాళ్లనూ పువ్వులనూ గట్టిగా లాగి చూడండి. తడిపిన తెల్లగుడ్డతో ముదురు రంగుల మీద రుద్దితే రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది. నల్లగుడ్డ మీద రుద్దితే నూగు రాలే సంగతి బయటపడుతుంది. అంచును తల కొలత దాకా సాగదీసి వదిలి, కాసేపాగి మళ్లీ కొలవండి. ఉన్ని అయితే మొదటి కొలతకు రావాలి.

లోపం కనిపిస్తే ఉతక్కముందే, బిడ్డకు పెట్టకముందే రాయండి. పెట్టిన వస్తువును చాలా షాపులు వాపసు తీసుకోవు, కోరి అల్లించుకున్నదాన్ని దాదాపు ఎవరూ తీసుకోరు. డబ్బు వాపసు అడిగేకంటే ముందు సరిచేసి ఇవ్వమని అడగండి. తాడు మార్చడం, రింగు బిగించడం, అంచుకు ఒక వరస కలపడం అల్లేవాళ్లకు కాసేపటి పని, చాలామంది ఒప్పుకుంటారు. చిన్నదైన టోపీకి వరస కలపగలరు గానీ, పైబిళ్లే పెద్దదైన టోపీని మొత్తం విప్పాల్సిందే. అలాంటప్పుడు కొత్తది అల్లి పంపమని కచ్చితంగా అడగండి, కొలిచిన ఫొటో జతచేసి.